కింది కొక్కెం

కాగితం మీద పదకొండెకరాలు.
కాలు మోపడానికి అర.
మిగతాదంతా తుప్ప.
అడవి గులాబీ కంప, భుజాలెత్తు సీడర్లు,
ముప్పై ఏళ్ళుగా ఎవరూ వద్దనని పచ్చటి పంతం.
మిజోరీలో మార్చి అంటే ఇంకా పళ్ళు టకటకలాడే కాలం.

రాత్రంతా డయాలసిస్ మిషన్ల దగ్గర కాపలా.
పొద్దున్నే యూనిఫారం మీద
మందపాటి కోటు తొడుక్కుని ట్రాక్టరెక్కుతాను.
నారింజ రంగుది, నా వయసుది.
చలికి దగ్గి దగ్గి
మూడో మాటుకి గానీ మాట వినదు.

నేర్పింది పక్క పొలం వెర్నన్ హడ్‌స్పెత్.
ఎనభై ఒకటి.
కంచెకవతల పికప్పులోనే కూర్చుని
అద్దం సగం దించి
ముక్కున ఆక్సిజన్ గొట్టంతోనే కేకలేస్తాడు:
"గొలుసు కిందికి తగిలించు.
ఇరుసు కంటే కిందికి. ఎప్పుడూ. ఎప్పుడూ."
మూడో ఎప్పుడూ ఉండే ఉంటుంది,
ఊపిరి అందలేదు.

సీడరు మంచిది.
వాన వెలిసిన మర్నాడు
మొదట్లో గొలుసు చుట్టి, లో గేరులో లాగితే
పాలపన్నులా ఊడొస్తుంది.
పొలమంతా పెన్సిలు చెక్కిన వాసన,
బడి తెరిచిన మొదటిరోజు వాసన.

కంప అలా కాదు.
కోస్తే కోపం, లాగితే గోళ్ళు.
నా చేతులు చూసి పేషెంట్లు
పిల్లిని పెంచుతున్నావా అంటారు.
అవును,
పదకొండెకరాల పిల్లి.

ఈశాన్యం మూల ఒక మోడుంది.
హెడ్జ్ అంటారిక్కడ.
చెక్క పసుపుకొమ్ము రంగు,
ముల్లు ట్రాక్టరు టైరునైనా లెక్కచెయ్యదు.
ఎప్పుడో ఎవరో నరికారు. అది ఒప్పుకోలేదు.
చుట్టూ ఏడు కొమ్మలు లేచాయి,
ఒక్కోటీ నా నడుమంత.
ఈశాన్యంలో బరువుండకూడదే, తీయించెయ్యమని
ఫోనులో మా పెద్దమ్మ.
"దాని జోలికి పోకు" అని వెర్నన్.
ఎందుకన్నాను.
అద్దం పైకెక్కింది.

ఏప్రిల్లో ఒక శనివారం పికప్పు రాలేదు.
పంతులు రాని బడిలో పిల్లనైపోయాను.
గొలుసు భుజాన వేసుకుని మోడు చుట్టూ తిరిగాను,
చుట్టడానికి చోటు వెతుక్కుంటూ.

ముందే ఎవరో చుట్టారు.

బెరడులోంచి బయటికి
మూడంటే మూడు లంకెలు,
తుప్పు పొరలు పొరలుగా లేచి.
మిగతా గొలుసంతా లోపల.
ఏడాదికో వలయం చొప్పున, తొందరేం లేకుండా
చెట్టు మింగింది.
చివరి లంకెకి ఒక పిన్ను, వంగిపోయి.
ఆ పిన్ను ఎక్కడ పెడతారో ఇప్పుడు నాకు తెలుసు.
సీటు వెనక. పైన.
ఇరుసుకి చాలా పైన.

మోడు చిగిర్చిందంటే
మాకది మంచి మాట.
పెళ్ళయిన పదేళ్ళకి ఊయల కట్టిన ఇంటి గురించి అంటాం.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
నా గొలుసు మళ్ళీ భుజానికెక్కించుకుని
ట్రాక్టరు దాకా నడిచాను, మోకాళ్ళు నావి కానట్టు.

సోమవారం అద్దం మళ్ళీ సగం దిగింది.
నేనేమీ అడగలేదు.
ఆయన అక్కణ్ణుంచే ట్రాక్టరు వెనక చూశాడు,
కొక్కెం ఎక్కడుందో చూశాడు.
"లాయిడ్‌కి తొందరెక్కువ" అన్నాడు.
"నా తర్వాత రెండేళ్ళకి పుట్టాడు."
ఆ తర్వాత చాలాసేపు
డీజిలు ధర గురించి మాట్లాడుకున్నాం.

ఇప్పుడు జూను.
నేల కనిపిస్తోంది, దాని ఎత్తుపల్లాలతో,
రాళ్ళతో, ఎవరిదో సగం గుర్రపు నాడాతో.
మేకలు ఆరు వచ్చాయి.
కోత యంత్రంతో తిరిగేటప్పుడు
ఆ మూల దగ్గర చక్రం దానంతటదే వంపు తీసుకుంటుంది.
తీయించేశావా అంటుంది పెద్దమ్మ.
ఆ, ఎప్పుడో, అంటాను.

చెవి తెగిన మేక ఒకటి మాత్రం
రోజూ ఆ మోడెక్కి
ఏడు కొమ్మల మధ్య నాలుగు కాళ్ళూ సర్దుకుని
అందినంత మేరా లేత చిగుళ్ళు నములుతుంది.
దానికెవరూ ఏమీ చెప్పలేదు.